ప్రాసెసర్లను ఆర్పుతున్నదెవరు?

పొద్దున్నే ఆఫీసుకొచ్చి తెర ముందు కూర్చున్న అల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు: ఎనిమిది ప్రాసెసర్లు ఉండాల్సిన యంత్రంలో ఏడు మాయమయ్యాయి!

మిగిలిన ఒక్కటీ పరీక్ష కోసం పెట్టిన లెక్కల బరువంతా మోస్తూ రొప్పుతోంది. పదింటికి కస్టమర్ వస్తుంది. యంత్రం నడుస్తుండగానే ప్రాసెసర్లను ఆపి, మళ్లీ వేసి, పని ఎక్కడా ఆగదని ఆమెకు చూపించాలి. అందుకోసమే అతను ఇన్నాళ్లూ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కర్నెల్‌లో తల దూర్చి కూర్చున్నాడు. కంపెనీ మామగారిది. "అల్లుడుగారూ, ఈసారి కూడా తుస్సుమంటే సోమవారం నుంచి తమరు ప్రింటర్లు అమ్మిపెట్టాలి" అని ఆయన ఎంతో మర్యాదగా చెప్పేశారు.

అల్లుడు కమాండ్ కొట్టి ఒక ప్రాసెసర్‌ని వేశాడు. వెలిగింది. ఊపిరి పీల్చుకునేలోపే ఆరిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ ఆరింది.

"ఇదుగో, ఒక్కసారి ఇలా రా!" అని కేకేశాడు.

ఆ కంపెనీలో టెస్టర్ అతని భార్యే. కాఫీ కప్పుతో వచ్చింది. "ఏమైందండీ?"

"దయ్యం! నేను వేస్తుంటే అది ఆర్పుతోంది."

"ఆఫీసులో దయ్యాలుండవు. మీ కోడ్ ఉంటుంది."

"మీ నాన్నగారేరీ?"

"మెషిన్ రూమ్‌లో తలుపేసుకుని ఉన్నారు. పిలవనా?"

"వద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

అంతలో అతనికో ఉపాయం తట్టింది. కర్నెల్‌లో ఒక తాళం ఉంటుంది. ప్రాసెసర్లను నమ్ముకుని పని చేసే కోడ్ ఏదైనా ముందు ఆ తాళం పట్టుకోవాలి. అది ఎవరి చేతిలో ఉన్నా, వాళ్లు వదిలేదాకా ఏ ప్రాసెసర్‌నీ ఆపడానికి వీల్లేదు. తలలు లెక్కపెట్టి కంచాలు వేస్తుంటే మధ్యలో ఎవరూ లేచిపోకూడదు కదా, ఇదీ అంతే.

"తాళం నా ప్రోగ్రామ్ పట్టుకుంటుంది. దయ్యమైనా సరే, దాని బాబైనా సరే, గుమ్మంలో నిలబడాల్సిందే!"

గబగబా ఏడు ప్రాసెసర్లూ వేసి, ప్రోగ్రామ్‌ని కర్నెల్‌లోకి ఎక్కించి నడిపాడు. ఒక్కటీ ఆరలేదు. అతను లేని మీసం మెలేసేలోగా యంత్రం మొత్తం బిగుసుకుపోయింది. లెక్కలు ఆగిపోయాయి. ఏ కమాండ్ కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మెషిన్ రూమ్‌లోంచి మామగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారూ, ఏమిటీ చడీచప్పుడూ లేదు?"

"కొంచెం అలిగిందండీ మావయ్యగారూ!"

"అలక తీర్చండి! ఆవిడొచ్చే వేళయింది!" ఆ తర్వాత లోపల నిశ్శబ్దం.

భార్య కప్పు పక్కన పెట్టి అతని కోడ్ మీదికి వంగింది. "తాళం ఎవరి దగ్గరుంది?"

"నా ప్రోగ్రామ్ దగ్గర."

"అది వదిలితే ప్రాసెసర్ ఆపుదామని దయ్యం వరసలో నిలబడింది. అవునా? మరి ఇక్కడ మీ ప్రోగ్రామ్ అదే తాళం ఇంకోసారి ఎందుకు అడుగుతోంది?"

అల్లుడు కళ్లజోడు సర్దుకుని ఆ లైను చూశాడు.

"అడిగిందా, పోయి దయ్యం వెనకాల నిలబడింది. మీరు వదలాలని దయ్యం, దయ్యం తప్పుకోవాలని మీరు. తెల్లారినట్టే! కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికే మనిషి రాసిన కోడ్ ఇంకెలా ఉంటుంది?"

మాట పడ్డా మందు దొరికింది. చేతిలో ఉన్న తాళాన్ని మళ్లీ అడిగే ఆ ఒక్క లైనూ పీకేశాడు. దిద్దిన కర్నెల్‌తో యంత్రం మళ్లీ లేచి, ఫ్యాన్లు గుయ్యిమనేసరికి కస్టమర్ గుమ్మంలో ఉంది.

ఆమె తన లెక్కలను యంత్రంలో నడిపించి, "ఇక ఆపండి చూద్దాం" అంది. ఆపాలంటే తాళం వదిలెయ్యాలి కదా, వదిలేశాడు. అతని వేలు మళ్లీ కీబోర్డుకి తగలకముందే ఒక ప్రాసెసర్ ఆరిపోయింది. వేశాడు. ఇంకోటి ఆరింది. అదీ వేశాడు. రెండు ఆరాయి.

"నవ్వుతూ ఉండండి," భార్య చెవిలో గొణిగింది.

అతను నవ్వుతూనే వేస్తున్నాడు, అవి ఆరుతూనే ఉన్నాయి. కస్టమర్ లెక్కలు మాత్రం ఒక్క క్షణమైనా తడబడలేదు.

"అబ్బ! మర్యాదగా ఒకటో రెండో ఆపి చూపిస్తారనుకున్నాను. మీరేమిటండీ, యంత్రాన్ని ఇలా చావగొడుతున్నారు! మాకు ఇదే కావాలి. రాసినాయనే మా పని చూడాలి, ఇంకెవరూ వద్దు." అల్లుడి కళ్ల ముందు తిరుగుతున్న ప్రింటర్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. "అవునూ, ఇంత రాక్షసంగా టెస్ట్ చేస్తున్నదెవరు?"

మొగుడు పెళ్లాన్ని చూశాడు. పెళ్లాం మొగుణ్ణి చూసింది. మెషిన్ రూమ్ తలుపు తెరుచుకుంది. మామగారు. జుట్టు పిచ్చుకగూడు, చెంప మీద దిండు ముడతలు.

"నేనేనమ్మా. ఏసీ ఉన్న గది ఇదొక్కటే కదా, ఓ కునుకు తీద్దామంటే ఫ్యాన్ల రొద. అందుకని ఇక్కడి కీబోర్డుతో ఒక్కో ప్రాసెసర్‌నే ఆపుకుంటున్నాను. నేను ఆపడం, ఏ త్రాష్టుడో మళ్లీ వెయ్యడం! నిజం చెప్పాలంటే, మధ్యలో మెషిన్ మొత్తం చచ్చిందే, ఆ కాసేపే హాయిగా నిద్రపట్టింది."