సముద్రం చివరి పాఠం

మా ఆయన మీద నాకు ఫిర్యాదులేమీ లేవు. ఇల్లాలికి ఫిర్యాదులుండటం మర్యాద కాదని ఆయనే ఒకసారి వివరంగా చెప్పారు. ఉన్న చిన్న చిక్కల్లా ఆయన సెలవు పెట్టడంతోనే. నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీలో ఉన్నంతకాలం ఆయన వల్ల కలిగే కష్టాన్ని ఊరంతా సమానంగా పంచుకుంటుంది. సెలవు పెడితే అది మొత్తం నా వాటాకే వస్తుంది.

ఈ ఏడు విదేశానికి వెళ్దామన్నారు. ఎక్కడికైనా సరే, సముద్రం ఉంటే చాలన్నాను. ఒక్క పూట ఆయన పక్కన ఇసుకలో కూర్చోవాలి, ఫైలూ ఫోనూ లేకుండా, ఆయన నాకేమీ వివరించకుండా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి పూట ఒక్కటీ గుర్తు లేదు మరి. ఆయన ఉదారంగా ఒప్పుకుని సముద్రం ఉన్న దేశాన్నే ఎంపిక చేశారు. ఆ రాత్రే భోజనాల బల్ల దగ్గర నీళ్ళ గ్లాసు పక్కకు జరిపి, గొంతు సవరించుకున్నారు.

"ఒక దేశానికి వెళ్ళి ఆ దేశపు భాష మాట్లాడకపోవడమంటే, ఒకరింటికి వెళ్ళి బురద కాళ్ళతో మంచమెక్కడమే. కాబట్టి విమానం దిగింది మొదలు మళ్ళీ ఎక్కేదాకా మన నోటివెంట వాళ్ళ భాష తప్ప ఇంకోటి రాకూడదు. మనలో మనం మాట్లాడుకున్నా సరే. ఇది అందరికీ వర్తిస్తుంది."

అందరికీ అంటే నాకూ, వదినకూ. వదిన అంటే మా ఆయన అక్కగారు. టీచరుగా రిటైరయ్యారు. తమ్ముడు తుమ్మినా అందులో ఒక నీతిని పట్టుకోగల మనిషి. "మా తమ్ముడు చదువుకునే రోజుల్లోనూ ఇంతే అమ్మాయ్, పట్టుదల!" అని కళ్ళు తుడుచుకున్నారు.

భాష నేర్చుకోవడానికి ఆయన పాత పుస్తకాల కొట్టులో ఒక వాచకం సంపాదించారు. అది రాసిన మహానుభావుడెవరో గానీ పాపం, ప్రయాణాల్లో సుఖపడినట్టు లేదు. మొదటి పాఠం రైలు స్టేషను. తర్వాత పోస్టాఫీసు, పోయిన గొడుగు, చాకలి ఇంట్లో మారిపోయిన చొక్కా, పంటి నొప్పి. బ్యాంకు, పోలీసు స్టేషను, కోర్టు అన్నీ దాటాక, అట్టకు ఆనుకుని ఉంది సముద్రం. అక్కడికి చేరేసరికి రచయిత కూడా అలసిపోయినట్టున్నాడు, పాఠం అరపేజీయే ఉంది. మా ఆయన పంటి నొప్పి దాకా కంఠతా పట్టేసరికి ప్రయాణం రోజు వచ్చేసింది.

హోటలు నిక్షేపంగా ఉంది. గది కిటికీ తెరిస్తే ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లూ, వాటి వెనకనుంచి అలల చప్పుడూ. సముద్రం వీధి మలుపులోనే ఉంది. హోటలు గుమస్తా మాకంటే మంచి ఇంగ్లీషులో మమ్మల్ని ఆహ్వానించాడు. మా ఆయన అది విననట్టే నిలబడి, వాళ్ళ భాషలో, "అయ్యా, ఉత్తరం వైపు బండి ఎప్పుడు బయలుదేరుతుంది?" అని అడిగారు. గుమస్తా మా సామాన్ల వైపు చూశాడు. ఇప్పుడే కదా వచ్చారు అన్నట్టు ముఖం పెట్టాడు గానీ, మర్యాదస్తుడు, రైలు వేళ చెప్పాడు. ఉచ్చారణ బాగుందని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటతో మా సెలవుల భవిష్యత్తు ఖరారైపోయింది.

మర్నాడు నేను సముద్రం వైపు వేలు చూపించాను. ఆయన పుస్తకం అట్ట చూపించారు. నాకు అర్థం కాలేదని గ్రహించి, నియమానికి అత్యవసర సడలింపు ఇచ్చుకుని, గుసగుసగా మన భాషలోకి దిగారు.

"సముద్రం చివరి పాఠం. అక్కడికెళ్ళి మూగవాళ్ళలా నిలబడితే పరువేం కాను? మనకు మాటలు ఎక్కడిదాకా వచ్చో అక్కడిదాకానే వెళ్ళాలి."

"అలలతో ఏం మాట్లాడాలండీ?"

"అదే, అదే వద్దనేది. వెటకారం."

కాబట్టి రైలు స్టేషనుకు వెళ్ళాం. ఉత్తరం వైపు బండి ఎప్పుడో కనుక్కున్నాం. కృతజ్ఞతలు చెప్పి వెనక్కి వచ్చేశాం. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు ఇంత శ్రద్ధగా రైలు వేళ కనుక్కోవడం ఆ స్టేషను చరిత్రలో ఉండి ఉండదు. తర్వాత పోస్టాఫీసు. ఉత్తరానికి తపాలా బిళ్ళలు కొనాలంటే ఉత్తరం ఉండాలి కదా. ఆయన అక్కడే బల్ల మీద కూర్చుని మా హోటలు చిరునామాకు తన పేరనే ఒకటి రాసి వేశారు. అది రెండో పూటకే అందింది. ఆ దేశపు పాలనా సామర్థ్యానికి ఆయన ముగ్ధులైపోయారు గానీ, ఉత్తరంలో ఏముందో మాకు చెప్పలేదు. వ్యక్తిగతమట.

గొడుగు పాఠం కోసం ముందు గొడుగు కొన్నాం. కొన్న గొడుగును ట్రాములో జాగ్రత్తగా మరిచిపోయాం. పోయిన వస్తువుల కార్యాలయంలో ఫిర్యాదు చెయ్యడానికి వెళ్తే, ఆ అమ్మాయి చిరునవ్వుతో గొడుగు తీసి బల్ల మీద పెట్టింది. మా ఆయన ముఖం వాడిపోయింది. పాఠం ప్రకారం ఆమె "దొరకలేదు, రేపు రండి" అనాలి, ఆయన రెండో రోజు రావాలి, అక్కడ నాలుగు మంచి వాక్యాలున్నాయి. వ్యవస్థ ఇంత నిజాయితీగా ఉంటే భాష ఎలా వృద్ధి చెందుతుందని గదికి వచ్చి బాధపడ్డారు. ఆ బాధ మాత్రం మన భాషలోనే పడ్డారు.

వదిన పరిస్థితి మెరుగ్గా ఉంది. ఆవిడకు ఆ పుస్తకం మొత్తంలో పట్టుబడింది "నా గొడుగు నల్లది" అన్న వాక్యం ఒక్కటే. ఆవిడ దాన్ని దేనికైనా వాడేసేవారు. ఫలహారశాలలో "నా గొడుగు నల్లది" అంటే కాఫీ వచ్చేది. లిఫ్టులో అంటే పక్కవాళ్ళు పలకరింపుగా తలూపేవాళ్ళు. పార్కులో ఒక ముసలాయనతో ఆవిడ చాలాసేపు ఆ ఒక్క వాక్యంతోనే కష్టసుఖాలు మాట్లాడుకున్నారు. "ఎంత మంచివాళ్ళు అమ్మాయ్, చెప్పింది చెప్పినట్టు వింటారు" అన్నారు నాతో.

నేను రోజూ కిటికీ దగ్గర నిలబడి దుప్పట్ల వెనక చప్పుడు వింటూ ఉన్నాను. ఒక్కదాన్నే వెళ్ళొచ్చు కదా అని మీరనొచ్చు. సముద్రం చూడటమే కావాలంటే వెళ్ళొచ్చు. నా మొక్కు సముద్రానికి కాదుగా.

చొక్కా పాఠం కూడా ముగిసింది. మరొకరి చొక్కా మా ఆయన వంటి మీదికి వచ్చి, అదే స్థిరపడింది. తిరుగు ప్రయాణానికి ముందురోజు పంటి డాక్టరు. మా ఆయనకు పంటి నొప్పి లేదు. దాన్ని ఆయన సాంకేతిక లోపంగా మాత్రమే పరిగణించారు.

ఆస్పత్రిలో తెల్ల గోడలు, చేపల తొట్టి, స్టీలు పళ్ళెంలో మెరిసే పనిముట్లు. కౌంటరు దగ్గర మా పాస్‌పోర్టులు అడిగి లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి పొట్టిగా, గుండ్రంగా, ప్రసన్నంగా ఉన్న డాక్టరు వాటిని గుండెకు హత్తుకుని బయటికొచ్చి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మన భాషలో అన్నాడు.

"నమస్కారం. మీకు... నొప్పి... ఎక్కువా, తక్కువా?"

మేము ముగ్గురం గోడకు ఆనుకున్నాం. డాక్టరు నా వైపు తిరిగి ఇంగ్లీషులో సంజాయిషీ ఇచ్చుకున్నాడు. పోయిన ఏడాది సెలవులకు మన ఊళ్ళ వైపు వచ్చాడట. ఒకరి దేశానికి వెళ్ళి వాళ్ళ భాష మాట్లాడకపోతే ఎలా అని ముందే కూర్చుని నేర్చుకున్నాడట. తీరా వస్తే, ఆయన నోరు తెరిచిన ప్రతిచోటా మనవాళ్ళు ఇంగ్లీషులోనే జవాబిచ్చారట. ఒక బట్టల కొట్టాయన జాలిపడి కుర్చీ కూడా వేశాడట, ఎండ దెబ్బ తగిలి అలా మాట్లాడుతున్నాడేమోనని. నేర్చుకున్న భాష నేర్చుకున్నట్టే మూటగట్టుకుని వెనక్కి తెచ్చుకున్నాడు. ఇవాళ్టికి ఇద్దరు దొరికారు. కాదు, ముగ్గురు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

మా ఆయన చలించలేదు. నియమం నియమమే. కుర్చీలో కూర్చుని వాళ్ళ భాషలో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పారు. "అయ్యా, ఈ పన్ను నన్ను నిద్రపోనివ్వడం లేదు. దయచేసి తీసేయండి."

"నిజమా?" అన్నాడు డాక్టరు, మన భాషలో.

"నిద్రపోనివ్వడం లేదు," అన్నారు మా ఆయన, వాళ్ళ భాషలో.

"బాగా... ఆలోచించారా?"

"దయచేసి తీసేయండి."

నేను ఉండబట్టలేక ఇంగ్లీషులో, "డాక్టర్‌గారూ, ఆయనకు ఏ నొప్పీ లేదు. పాఠం అప్పజెబుతున్నారంతే" అన్నాను. మా ఆయన చూపుడువేలు పైకి లేచింది, నియమోల్లంఘన జరిగిందని. డాక్టరు నన్ను చూసి ఓదార్పుగా నవ్వి, రోగి మాటే తమకు ప్రమాణమని చెప్పాడు. భార్య మాట చెల్లుబాటయ్యే దేశం ఒకటి ఎక్కడో ఉంటుందనుకునేదాన్ని. ఇది అది కాదు.

సూది పొడిచాక, పటకారు కనిపించాక, మా ఆయన కళ్ళు గబగబా పేజీలు తిప్పుకోవడం నేను చూశాను. పాఠం అక్కడితో అయిపోయింది, తర్వాతది బ్యాంకు. "వద్దు" అని మన భాషలో అంటే డాక్టరుకు బ్రహ్మాండంగా అర్థమయ్యేది, సంతోషించేవాడు కూడా. కానీ ఒక సూపరింటెండెంటు తాను జారీ చేసిన ఉత్తర్వును తానే ఎలా మీరతాడు? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మాకు ఆ కొండనాలుక జబ్బు కూడా లేదు. రెండు భాషలూ ఒకదాన్నొకటి అంతగా గౌరవించుకున్నాయి, మధ్యలో గట్టి పన్నొకటి పోయింది.

సాయంత్రం దాకా నోరు మెదపకూడదని డాక్టరు ఆదేశించాడు. ఏ భాషలోనూ.

నేను ఆయన చెయ్యి పట్టుకుని వీధి మలుపు తిప్పాను. ఆయన వచ్చేశారు. నోట్లో దూదితో, బుగ్గ ఉబ్బి, పరాయి చొక్కాలో, నా పక్కన ఇసుకలో కూర్చున్నారు. అలలు వచ్చి వెళ్తున్నాయి. ఆయన నాకేమీ వివరించలేదు. నీళ్ళ పీడనం గురించి కూడా.

"చూశావా అమ్మాయ్," అన్నారు వదిన మురిసిపోతూ, "మౌనంగా ఉన్నా అచ్చం ఇక్కడివాడిలాగే ఉన్నాడు!"

ఆ మాట విని మా ముందు చాప మీద కూర్చున్న ఒకాయన మెడ బిగుసుకుంది. అప్పటిదాకా తన భార్యతో మన భాషలో మాట్లాడుతున్నవాడు చప్పున ఇంగ్లీషులోకి మారాడు. పరాయి దేశంలో మనవాళ్ళు ఎదురైతే ఎలా నడుచుకోవాలో మనకెవరూ నేర్పనక్కర్లేదు. ముందు గుర్తుపట్టాలి, ఆ తర్వాత గుర్తుపట్టనట్టుండాలి. నేనూ ఆ మర్యాద పాటించి అలలకేసి చూశాను.

చాలాసేపయ్యాక, నీళ్ళు ఎర్రబడుతుండగా మా ఆయన నోట్లోంచి దూది తీశారు. ఏదో వాక్యం వస్తుందని నేను సిద్ధపడ్డాను. మన భాషలో, నత్తి నత్తిగా, నాలుగు చాపలవాళ్ళకు వినిపించేంత గట్టిగా వచ్చింది.

"తప్పు నాదేనే. నీ మాట వినాల్సింది. మొదటి రోజే ఇక్కడికి రావాల్సింది."

వదిన చేతిలోని గొడుగు ఇసుకలో పడింది. ముందు చాప మీది ఆవిడ మొత్తంగా మా వైపు తిరిగి, మా ఆయన్ని ఎగాదిగా చూసి, తన మొగుణ్ణి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"విన్నారా? ఆయనెలా ఒప్పుకున్నారో!"

వాళ్ళాయన సముద్రం మీదినుంచి చూపు తిప్పకుండా, మేము మాట్లాడే భాష తనకు రాదని ఇంగ్లీషులో చెప్పాడు.