పిల్లనిస్తాం, కారు సంగతి తేల్చండి

యావన్మందికీ తెలియజేయడమేమనగా, జోర్డాన్‌లోని సల్త్ పట్టణవాసి అబూ దిరార్ గారు తమ కుమార్తెను జర్కాలో మందుల షాపు నడుపుకుంటున్న ఖుసయ్‌కి ఇవ్వడానికి తమకు ఎలాంటి అభ్యంతరమూ లేదని పెద్దల సమక్షంలో ప్రకటించారు. పెళ్ళి మాత్రం కారు విషయం తేలేదాకా వాయిదా పడింది. ఇందులో వింతేమీ లేదు. అల్లుడిలో లోపముంటే ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. కారులో లోపముంటే వీధంతా చూస్తుంది.

ఆ శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు కాగానే మగపెళ్ళివారి తరఫున మేం జాహాగా బయలుదేరాం. పిల్లనడగడానికి పరువుగల పెద్దమనుషులు గుంపుగా వెళ్ళడాన్ని మావాళ్ళు జాహా అంటారు. ఎంతమంది వెళితే అంత పరువు కాబట్టి, పరువు లేనివాళ్ళను కూడా కొందరిని వెంటబెట్టుకున్నాం. ఖుసయ్ తండ్రికి పొరుగువాణ్ణి కనక నన్నూ రమ్మన్నారు. అబూ దిరార్ ఇల్లు కొండ మీద ఉంది. అక్కడికి మెట్లదారే తప్ప కారు వెళ్ళే దారి లేదు. కార్లన్నీ కింద వదిలేసి, రొప్పుకుంటూ పైకెక్కి, కార్ల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం.

పద్ధతి ప్రకారం మా నాయకుడి ముందు యాలకుల కాఫీ పెట్టారు. అడిగింది ఇస్తామనేదాకా ఆయన ఆ కప్పు ముట్టకూడదు. ఆయన ముట్టేదాకా ఇంకెవరూ ముట్టకూడదు. మా నాయకుడు నషాత్ బాషా రిటైరైన సైనికాధికారి. యుద్ధం చేసే అవకాశం రాలేదు గాని, ప్రసంగం చేసే అవకాశాన్ని ఏనాడూ జారవిడవలేదు.

"అయ్యా అబూ దిరార్! మీ వంశం గొప్పది. మాదీ తీసిపోయేది కాదు. గడప దాటి ఎరగని మీ ఇంటి ముత్యాన్ని మా ఖుసయ్‌కి ఇమ్మని అడుగుతున్నాం. కుర్రాడు బంగారం. సిగరెట్టు ముట్టడు, అమ్మ మాట జవదాటడు. కరెంటు కారు కూడా కొనడానికి మాట్లాడుకున్నాడు. లుంగ్షా!"

గడప దాటి ఎరగని ఆ ముత్యం రోజూ బస్సెక్కి అమ్మాన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి వెళ్తుంది. అది ప్రసంగానికేమీ అడ్డు రాలేదు. మగవాళ్ళ సభలో పెళ్ళికూతురి పేరు ఎత్తడం మావాళ్ళలో మర్యాద కాదు. ముత్యమనవచ్చు, మణి అనవచ్చు. కార్లకు ఈ నిషేధం వర్తించదు.

"పిల్ల మీది. ఇక కాఫీ పుచ్చుకోండి" అన్నాడు అబూ దిరార్. బాషా కప్పెత్తాడు. అది మీసాలదాకా వెళ్ళింది.

"ఆగండాగండి. ఏం కారన్నారు?" అన్నాడు పెళ్ళికూతురి పెదనాన్న శుక్రీ బేక్.

"లుంగ్షా."

"మీహో కాదా?"

"కాదు."

శుక్రీ బేక్ కిందటి నెలలోనే మీహో కొన్నాడు. బాషా కప్పు కింద పెట్టేశాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. రెండూ చైనా నుంచి అఖబా రేవుకు ఓడలో పక్కపక్కనే వస్తాయి. ధర ఇంచుమించు ఒకటే. రెండిటికీ ఎత్తయిన సీట్లు, టీ పళ్ళెమంత తెర. తేడా అల్లా, లుంగ్షాలో సీటు వీపుకు మర్దన చేస్తుంది. మీహోలో సీట్ల మధ్య చిన్న ఫ్రిజ్ ఉంటుంది. కాపురానికి వీపు ముఖ్యమా, చల్లటి నీళ్ళు ముఖ్యమా అన్న ప్రశ్న దగ్గర రెండు వంశాలూ నిట్టనిలువునా చీలిపోయాయి.

"మృత సముద్రం దాకా దిగడం ఎవడి కారైనా దిగుతుంది బాషా! తిరిగి పైకెక్కమను చూద్దాం. మీ లుంగ్షా నావూర్ మలుపు దగ్గరే చతికిలబడుతుంది."

"మా బావమరిది వారం వారం ఎక్కుతున్నాడయ్యా!"

"ఎవరూ? మొన్న లారీ మీద వేసుకొచ్చారే, ఆయనేనా?"

మా వైపు నుంచి ఒకాయన లేచి, మర్దన ఎలా ఉంటుందో ఆడపెళ్ళివారిలో ఒక ముసలాయన వీపు మీద స్వయంగా చేసి చూపించాడు. ముసలాయన కళ్ళు మూసుకుని అక్కడికక్కడే మా పక్షంలో చేరిపోయాడు. దీన్ని ప్రలోభపెట్టడంగా శుక్రీ బేక్ తీవ్రంగా ఖండించారు.

చివరికెవరికో ఖుసయ్ గుర్తొచ్చాడు. "నువ్వేమంటావురా?" అని అడిగారు.

"ఆమెకేది నచ్చితే అదే కొంటానండీ."

అందరూ పడీపడీ నవ్వారు. అల్లుడు సరదా మనిషని అబూ దిరార్ ఎంతో సంతోషించాడు. నాకు మాత్రం ఆ కుర్రాణ్ణి చూస్తే జాలేసింది. ఆ అమ్మాయిని చేసుకోవడానికి ఇంట్లోవాళ్ళను ఒప్పించేసరికే అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కొత్త కోటులో బిగుసుకుపోయి, ఎవరూ తాగని కాఫీ వంక గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ఇంతలో లోపలి గది తలుపు చాటు నుంచి ఆడగొంతు వినిపించింది.

"నాన్నా, నాకేదైనా ఒకటే. ముందు ఆ కాఫీ తాగేయమనండి!"

"చూశారా మా పెంపకం!" అన్నాడు అబూ దిరార్, ఛాతీ పొంగించి. "ఏ కారో తన నోటితో అనలేదు." చర్చ మళ్ళీ మొదలైంది.

చీకటి పడేవేళకు బాషా లేచి, ఇది వంశ గౌరవానికి సంబంధించిన విషయమని ప్రకటించి, చల్లారిన కాఫీని అలాగే వదిలి మెట్లు దిగిపోయాడు. కాఫీ తాగకుండా జాహా వెనుదిరగడమంటే సంబంధం తెగినట్టే. వెనకే దిగుతున్న నాకు లోపలి గదిలోంచి ఏడుపు వినిపించింది. అది ఇంట్లో ఫ్రిజ్ చప్పుడని, మీహోలోదైతే ఇలా చప్పుడే చేయదని సాగనంపడానికి వచ్చిన శుక్రీ బేక్ వివరించాడు.

రాజీ కోసం మరుసటి శుక్రవారం ఇంకా పెద్ద జాహా వెళ్ళింది. ఈసారి ఒక మాజీ మంత్రి నాయకత్వం వహించారు. సుదీర్ఘ సమాలోచనల అనంతరం కారు మీహోయేనని, రంగు మాత్రం మగపెళ్ళివారి ఇష్టమని, వీపు కోసం బజారులో మర్దన దిండు కొనిపెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పెద్దలు ఒకరినొకరు కౌగలించుకున్నారు. శుక్రీ బేక్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మాజీ మంత్రి కప్పు ముందు నిలబడ్డారు. "నేను ఆధునికుణ్ణి! ఈ పాతకాలపు మొహమాటాలు నాకు లేవు. అమ్మాయిని పేరు పెట్టే అడుగుతాను. మీ కుమార్తె..." అని ఆగి, వెనక్కి తిరిగి మా వంక చూశారు. మేం బాషా వంక చూశాం. బాషా ఖుసయ్ తండ్రి వంక చూశాడు. ఆయన కారు బ్యాటరీ గ్యారంటీ షరతులన్నీ కంఠతా పట్టి వచ్చాడు గాని, ఇది సిలబస్‌లో లేదు. ఖుసయ్ నోరు తెరవబోయాడు.

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకెందుకురా?" అని కసిరాడు బాషా.

అప్పుడు తలుపు తెరుచుకుంది. కాఫీ కూజా పట్టుకుని ఆ అమ్మాయే సభలోకి వచ్చింది. అందరికీ వినపడేలా తన పేరు చెప్పింది.

"ఖుసయ్ అంటే నాకిష్టం. అతనికి నేనంటే ఇష్టం. ఆ కారంటారా, మీలో ఎవరికి అంత ముచ్చటగా ఉంటే వాళ్ళు దాన్ని నిఖా చేసుకోండి. ఇప్పుడు వేడిగా పోస్తున్నాను, తాగండి."

భయానికో మర్యాదకో, అందరూ గడగడా తాగేశారు. పెళ్ళి జరిగిపోయింది. తర్వాత వాళ్ళిద్దరే వెళ్ళి ఆ రెండిట్లో ఒక కారు కొనుక్కున్నారు. వంతులేసుకుని నడుపుకుంటున్నారు.

ఆమె పేరు మీకు చెప్పవలసిందే. కాని సరిగ్గా ఆమె పేరు చెప్పిన క్షణాన శుక్రీ బేక్ నా చెవిలో, చలికాలంలో మీహో ఒక్క ఛార్జికి ఎంత దూరం పోతుందో చెబుతున్నాడు. ఆ దూరం నాకు బాగా గుర్తుంది. అయినా ఈ కథ ఇప్పటికి చాలామందికి చెప్పాను, పేరు అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మీరు కూడా ఏమడగబోతున్నారో నాకు తెలుసు. "ఇంతకీ వాళ్ళు కొన్నది లుంగ్షానా, మీహోనా?"