కారవాన్ డాక్టరు

ఉదయం ఏడింటికి ఆ చిన్న ఊళ్లో ఆగి, నీళ్లు పట్టుకుని, పది నిమిషాల్లో బయలుదేరితే మధ్యాహ్నానికల్లా సముద్రం చేరుకోవచ్చని గడియారాల మెకానిక్ లెక్క వేశాడు. నలభై ఏళ్లు జనం గడియారాలు బాగుచేసి, మొన్ననే దుకాణం మూసి, అద్దెకు తెచ్చుకున్న తెల్ల కారవాన్‌లో భార్యతో తొలి ప్రయాణం. ఆయనకు పది నిమిషాలంటే పదకొండు కాదు.

బడి పక్కన కుళాయి కనిపిస్తే బండి ఆపాడు. భార్య డబ్బా పట్టుకుని నీళ్లకు వెళ్లింది. ఆయన తలుపు బార్లా తీసేసరికి ఎదురుగా పదిమంది వరసకట్టి ఉన్నారు.

"లోపలికి వస్తారా?" అన్నాడు మొహమాటంగా.

"అందుకేగా బాబూ నిలబడ్డాం," అంది ముందున్న ముసలావిడ, దవడ పట్టుకుని.

కారవాన్ మీద ఇంత మోజా అని ఆయన ఉబ్బిపోయాడు. ఆమెను ఎక్కించుకుని పొయ్యి, ఫ్రిజ్, చిన్న సింకు చూపించాడు.

"ఉమ్మేది ఇందులోనా?"

"అబ్బే, అది గిన్నెలకండీ. ఇదిగో, ఈ సీటు ఇలా లాగితే మంచమైపోతుంది. పడుకుని చూడండి."

ఆమె పడుకుంది. కళ్లు మూసుకుని నోరు బార్లా తెరిచింది.

"వెనకది. ఎడమవైపు."

ఎవరేది తెరిచి ముందు పెట్టినా లోపలికి చూడటం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. జేబులోని భూతద్దం దానంతటదే కంటికెక్కింది.

"బాగా అరిగిపోయిందండీ. నా చేతిలో పని కాదు. ఇప్పటికలా వదిలెయ్యండి."

ఆమె బయటికెళ్లి, "బంగారంలాంటి డాక్టరు. సూది లేదు, నొప్పి లేదు," అని చెప్పింది. భయపడి ఇళ్లలో దాక్కున్నవాళ్లు కూడా వచ్చేసరికి వరస బడి గోడ దాటింది.

ఆవిడ నీళ్లతో తిరిగొచ్చింది. "ఏమండీ, మన మంచం మీద ఎవరో నోరు తెరుచుకు పడుకున్నారు."

"ఎనిమిదో ఆయన. గడియారాల మెకానిక్‌నని చెప్పినా వినరేం?"

"గొప్పవాళ్లు అలాగే అణకువగా ఉంటారమ్మా," అన్నాడు ఎనిమిదో ఆయన, నోరు మూయకుండానే.

అప్పుడు వచ్చింది, ఆ ఉదయం బడి దగ్గరికి రావాల్సిన అసలు పళ్ల డాక్టరమ్మ తెల్ల బండి. దారిలో టైరు పంచరైందట. అందులోని కుర్చీ, పట్టకార్లు చూసి వరసలో ఒక్కరూ కదల్లేదు. డాక్టరమ్మ నేరుగా కారవాన్‌లోకి వచ్చింది. మెకానిక్ భూతద్దం తీసి చేతులు జోడించాడు.

"తప్పైపోయిందమ్మా. ఈ చక్రాల ఇల్లు చూడ్డానికొచ్చారనుకున్నాను."

"చుట్టుపక్కల ఊళ్లలో నన్ను చూస్తే తలుపులేసుకుంటారండీ. మీరేమో ఇంతమందిని వరసలో నిలబెట్టారు. సాయంత్రం దాకా ఉండండి. వాళ్ల చేతులు పట్టుకుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఆయన గడియారం చూసుకున్నాడు. తర్వాత భార్యను చూశాడు.

"సముద్రం ఎక్కడికీ పోదులెండి," అంటూ ఆవిడ అప్పటికే వరసలో ఉన్నవాళ్లందరికీ టీ నీళ్లు పొయ్యిమీద పెట్టేసింది.

ముసలావిడే మొదట కుర్చీ ఎక్కింది, ఆయన చెయ్యి పట్టుకుంటేనే అన్న షరతు మీద. పన్ను ఊడాక అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇంతేనా," అంది. వరస మొత్తం నవ్వి, ముందుకు జరిగింది.

సాయంత్రానికి పద్నాలుగు పళ్లు ఊడాయి. మర్నాడు సముద్రం దాకా బండి భార్యే నడిపింది. ఆయన కుడిచేతి వేళ్లు ఇంకా విప్పుకోలేదు.