డిస్కులకు నేను కట్టిన గోడ

నా బతుకు ఇలా అవుతుందని తెలిస్తే ఆ పెట్టెను ఆఫీసులోనే వదిలేసి వచ్చేవాణ్ణి.

పెట్టె నిండా డిస్కులు. వెనకవైపు వరసగా పోర్టులు. ఏ పోర్టుకు ఏ డిస్కు కనబడాలో నిర్ణయించే టూలును పరీక్షించడం నా ఉద్యోగం. దీన్ని జోనింగు అంటారు. ఆ టూలుకు బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెరమీద కమాండు కొట్టాలి: తాళం వెయ్యి, పట్టిక మార్చు, అమలు చెయ్యి, తాళం తియ్యి. మా ఇంటా వంటా లేని డిగ్రీ నాకొక్కడికే ఉంది కాబట్టి, ఈ సంగతి ఇంట్లో ఎవరికీ అర్థం కాదని నా ధైర్యం.

మా ఆవిడ పుట్టినరోజు వీడియోలు ఎడిట్ చేస్తుంది. పెట్టె ఇంటికి రాగానే తన కంప్యూటర్‌కీ ఓ తీగ తగిలించుకుంది. వారానికే నా డిస్కులన్నిటిలోనూ ఊళ్ళోవాళ్ళ పిల్లలు కేకులు కోయడం మొదలుపెట్టారు. నా పరీక్షల ఫలితాలకు కాలు మోపే చోటు లేదు.

సోమవారం ఇంటినుంచే వీడియో కాల్లో డెమో. చూసేది మా పై అధికారి. ఎవరు మాట్లాడుతున్నా గోడమీది గడియారంకేసే చూస్తారు కాబట్టి ఆయన్ను గడియారంగారు అంటాం. డెమో చెడితే నన్ను మళ్ళీ ఫోన్లెత్తే విభాగంలో పడేస్తానని ముందే చెప్పారు. అక్కడున్నన్నాళ్ళూ నేను తిట్లు తప్ప అన్నం తిన్నట్టు గుర్తులేదు.

అందుకని ఆదివారం, ఆవిడ స్నానానికి వెళ్ళగానే, కమాండు కొట్టేశాను. నా తీగ ఉన్న మూడో పోర్టుకు అన్ని డిస్కులూ కనబడాలి. ఆవిడ తీగ ఉన్న నాలుగో పోర్టుకు ఒక్కటీ కనబడకూడదు. పట్టిక మార్చే అధికారం కూడా నా పోర్టుకే.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఏవండీ, నా కేకులేవీ?"

"పెట్టె అలిసిపోయినట్టుంది. రేపు సాయంత్రానికి తేరుకుంటుందిలే."

"అలిసిపోవడానికి అదేమైనా అంట్లు తోమిందా? రేపు మధ్యాహ్నానికి ఆ పిల్లాడి వీడియో ఇవ్వాలి. వాళ్ళమ్మ నన్ను బతకనిస్తుందా?"

"నేనేం చేయను చెప్పు?"

"మీరేం చేశారో చెప్పండి."

నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నాకు దాహం లేదు.

సోమవారం పొద్దున నా కంప్యూటర్ తెరిచాను. డిస్కులు సున్నా. మళ్ళీ వెతికాను. సున్నా. కమాండు కొట్టాను. 'మీకు అధికారం లేదు' అంది. ఇంట్లో రోజూ వినే మాటే అయినా, యంత్రం నోట వినడం అదే మొదలు.

పక్క టేబులు మీద మా ఆవిడ కంప్యూటర్లో ఒక పిల్లాడు హాయిగా కేకు కోస్తున్నాడు.

"ఇదెలా వచ్చింది?"

"తీగలు పీకి దుమ్ము తుడిచాను. మళ్ళీ గుచ్చాను. అటుది ఇటు, ఇటుది అటు."

"కావాలనేనా?"

"కమాండు కొడుతూ ప్రతి ముక్కా పైకి చదువుతారుగా! స్నానాలగదిలోకి వినిపించింది. మూడో పోర్టుకి అన్నీ, నాలుగో పోర్టుకి సున్నా అని. పోర్టు పేరే ఎత్తారుగానీ నా పేరెక్కడా ఎత్తలేదు."

అనుమతి పోర్టుదే, కంప్యూటర్‌ది కాదు. డెమోలో నేను చెప్పాల్సిన మొదటి వాక్యం ఇదే.

"తల్లీ, ఆ తీగ ఇటివ్వు. నా ఉద్యోగం పోతుంది."

"వీడియో తయారవుతోంది. మధ్యలో పీకితే మళ్ళీ మొదటికొస్తుంది."

"నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకోండి. చేతులు మాత్రం ఆ తీగ దగ్గరికి రానీకండి."

అంతలో గడియారంగారు తెరమీదకు వచ్చేశారు. ఆవిడ కుర్చీలో నాకు దొరికిన సగం మీద కూర్చుని, ఆవిడ కంప్యూటర్ నుంచే కమాండ్లు కొట్టాను.

"డిస్కులు కనబడే కంప్యూటర్ సరేనయ్యా. అవి కనబడకూడని కంప్యూటర్ ఏదీ?" అన్నారాయన.

మా ఆవిడే నా కంప్యూటర్ వైపు వేలు చూపించింది.

"అదిగోండి సార్. ఎంత మొత్తుకున్నా దానికొక్కటీ కనబడదు. పొద్దుట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు పాపం."

గడియారంగారు గోడమీంచి చూపు తిప్పారు. "సొంత కంప్యూటర్‌నే కట్టిపడేసి పరీక్షించావా? శభాష్! ఇంత నిజాయితీ నేనెక్కడా చూళ్ళేదు."

ఉద్యోగం నిలిచింది. ఊపిరి పీల్చుకునేలోపే ఆయన మళ్ళీ అందుకున్నారు. "తీగ కదపకు, పట్టిక మార్చకు. ఆరునెలలు ఇలాగే నడిస్తే నమ్ముతాను. రోజూ నివేదిక పంపు."

ఆ సాయంత్రం మొదటి నివేదిక రాశాను: 'నాకు ఈరోజు ఏమీ కనబడలేదు.'

మా ఆవిడ నా భుజం మీంచి చదివింది. "'ఈరోజు' అన్న మాట కొట్టేయండి. ఆరునెలలకీ ఇదే పనికొస్తుంది."

కొట్టేశాను.