ఒక కాపురం, మూడు నమూనాలు

మనిషి మనసు బాగుపడాలంటే ముందుగా దాని గురించి రోజుకొక పోస్టు పడాలని ప్రస్తుత శతాబ్దం తీర్మానించింది. పోస్టు పడని దుఃఖం దుఃఖం కింద జమ కాదు.

ఫర్నిచర్ షాపు పై అంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ క్లినిక్ ఈ సత్యాన్ని కాస్త ఆలస్యంగా గ్రహించింది. అప్పటిదాకా అక్కడి పద్ధతి మరీ పాతకాలంది. ఎవరో ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుని ఏడ్చేవారు. కౌన్సెలర్ వినేది. కొంతకాలానికి వాళ్ళు బాగుపడి, రావడం మానేసేవారు. వ్యాపారపరంగా ఇంతకన్నా ఘోరం మరొకటి లేదని గుర్తించిన యాజమాన్యం 'భావోద్వేగ ప్రచార అధికారి' అనే పదవిని సృష్టించింది. ఆ పదవిలోకి వచ్చిన యువకుడు, పోస్టు ఎంతమందిని చేరిందన్నదే లోకంగా, మాటకి ముందు రీచ్, మాట తర్వాత రీచ్ అంటుండటంతో అందరూ అతన్ని రీచ్ అనే పిలిచేవారు. (అతను దాన్ని ప్రశంసగానే స్వీకరించాడు.)

రీచ్ ఒక ఏఐ టూల్ తెచ్చాడు. ఏ బాధ కావాలో, ఎంత ఆప్యాయత కావాలో చెబితే చాలు, కౌన్సెలర్ ఫొటో కింద 'నేను' అంటూ ఆవిడ గొంతుతోనే పోస్టు రాసిపెడుతుంది. ఆప్యాయతకి స్థాయిలున్నాయి: గోరువెచ్చన, వెచ్చన, కౌగిలింత. మొదటి వాక్యానికి చదివేవాడి గుండె జారాలి, చివరి వాక్యంలో క్లినిక్ ఫోన్ నంబరు ఉండాలి. మధ్యలో ఏముండాలన్నది టూల్ విచక్షణకి వదిలేశారు. ఏ రోజు ఏ బాధ నడవాలో కూడా అదే నిర్ణయించింది. సోమవారం భయం, మంగళవారం అపరాధభావం, అలా. (శనివారం బాధలకి గిరాకీ లేదు కనక ఆ రోజు అందరూ బాగుంటారు.) రిసెప్షనిస్టు ఈ క్రమాన్ని మరీ శ్రద్ధగా పాటించి, బుధవారం భయపడుతూ వచ్చిన ఒక పెద్దమనిషిని సోమవారం రమ్మని పంపేసింది.

కౌన్సెలర్ ఒకే ఒక్క షరతు పెట్టింది. తన దగ్గరికొచ్చేవాళ్ళ కథలు ముక్క కూడా వాడకూడదు. రీచ్ నిబంధనలకి కట్టుబడినవాడు. వెంటనే ఒప్పుకున్నాడు. మరి ఎవరిదో ఒకరి జీవితం కావాలి కదా, అందుకని ఆవిడదే ఎక్కించాడు. పెళ్ళయి పదకొండేళ్ళు, భర్త లిఫ్టులు బాగుచేసే ఇంజినీరు, ఇల్లు చేరేసరికి ఇద్దరికీ ఓపిక ఉండదు. ఇవి ఆవిడ టీ తాగుతూ అన్న ముక్కలే. మిగతాది టూల్ ప్రతిభ.

మొదటి పోస్టు ఇలా మొదలైంది: 'నా భర్త ఆగిపోయిన లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి తీస్తారు. ఆయన ఇరుక్కున్న చోటికి మాత్రం నేనెప్పుడూ వెళ్ళలేదు.'

కౌన్సెలర్ దాన్ని చదవలేదు. రోజంతా పరాయివాళ్ళ ఏడుపులు విన్నాక తన పేరు మీద వచ్చే కన్నీళ్ళు చదివే ఓపిక ఎవరికుంటుంది? అత్తగారు చదివి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. (అది అభినందనో, ఇక చాలు తల్లీ అన్న వేడుకోలో నేటికీ తేలలేదు.) భర్త కూడా చదివాడు, ఆరంతస్తుల భవనంలో లిఫ్టు నెత్తిన కూర్చుని.

ఆ సాయంత్రం ఆయన టీవీ కట్టేసి, ఇవాళ నీ మనసెలా ఉందని భార్యని అడిగాడు. ఆవిడకి వృత్తిరీత్యా అనుమానమొచ్చింది. ఇలా అడిగే మొగుడు కారుకి సొట్టయినా పెట్టి ఉండాలి, చుట్టాలనైనా పిలిచి ఉండాలి. కారుకి ఏమీ కాలేదు, చుట్టాలూ దిగలేదు. ఆయన మాత్రం వారమంతా మాట్లాడుతూనే ఉన్నాడు. లిఫ్టు పైకెళ్తుంటే గోడ వెనక ఇంకో బరువు కిందికి దిగుతుందట. ఎక్కినవాళ్ళకి అది కనపడదు, అది లేకపోతే మాత్రం లిఫ్టు కదలదట. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆయన చేసే పని గురించి ఆవిడ వినడం అదే మొదలు.

తర్వాతి బుధవారం అసలు సంగతి బయటపడింది. దూరపు ఊళ్ళో బ్రాంచి చూసుకోమని కంపెనీ అడిగిందట. ఒక్కడే వెళ్ళాలి. ఎన్నేళ్ళో తెలియదు. వెళ్ళిపోదామనే అనుకున్నాడట.

"నేను లేకపోయినా నీకు తెలీదనుకున్నా," అన్నాడు. "నీ పోస్టులు చదివాకే కదా, నన్నింత గమనిస్తున్నావని తెలిసింది. వెళ్ళనని శుక్రవారం కంపెనీకి చెప్పేస్తున్నా."

ఆవిడ లోపలికి వెళ్ళి, తన పేరు మీదున్న పోస్టులన్నీ మొదటిసారి చదివింది. అందులో ఉన్న భార్య చాలా మంచిది. ఆవిడతో పరిచయం లేనందుకు కౌన్సెలర్‌కి బాధేసింది.

మర్నాడు ఆఫీసులో, ఇవి తాను రాసినవి కావని ఒక్క వాక్యం పెట్టమని రీచ్‌ని అడిగింది. సవరణలకి ఒక సంఘం ఉందని, అందులో తానూ టూలూ సభ్యులమని, ఆ ప్రతిపాదన ఏకగ్రీవంగా వీగిపోయిందని రీచ్ అక్కడికక్కడే తెలియజేశాడు.

"మేడమ్, మీవారు మనకి టాప్ ఫాలోయర్," అన్నాడు. "అలాంటాయన నమ్మకాన్ని మనమే పాడుచేస్తామా? ఎథిక్స్ అని ఒకటుంటుంది కదా."

ఇక నోటితో చెప్పక తప్పలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ మొదలుపెట్టింది.

"ఏమండీ, ఆ పోస్టులు నేను రాయలేదు. ఆఫీసులో మిషన్ రాస్తోంది."

ఆయన జాలిగా చూశాడు. "మొన్న సోమవారం నువ్వే రాశావుగా, ఎవరైనా దగ్గరకొస్తే భయమేసి తోసేస్తామని. తోసెయ్యకు. నేనెక్కడికీ పోను."

"అదీ మిషనే రాసింది."

"చూశావా," అన్నాడు ఆయన ఆప్యాయంగా.

(చదివేవారికి నిజం సోకకుండా ముందే టీకా వేసిపెట్టడం ఈ టూల్ ప్రత్యేకత. అమ్మేటప్పుడు దీన్ని సౌకర్యాల కింద చూపించారు.)

ఆవిడ ఫోన్ తీసి, ఎవరి సాయమూ లేకుండా, ఉన్నదున్నట్టు టైపు చేసి ఆయన చేతికిచ్చింది. 'నేను మిమ్మల్ని గమనించలేదు. అలిసిపోయి వస్తాను. మీరు వెళ్ళిపోతారంటే భయంగా ఉంది. ఆ పోస్టులు చూసి ఆగొద్దు. ఉన్నా, వెళ్ళినా, తెలిసి చెయ్యండి.'

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మొహం చిట్లించాడు.

"ఇదీ మిషన్ రాసింది," అన్నాడు. "పొడిపొడిగా ఉంది. నీ రాత నాకు తెలీదా ఏంటి?"

శుక్రవారం పొద్దున, ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ ఫోన్‌లో ఆఫీసు టూల్ తెరిచింది. భర్తకి నిజం చెబితే నమ్మడం లేదు, ఏం చెయ్యాలి అని అడిగింది. భార్యాభర్తలు మనసు విప్పి సూటిగా మాట్లాడుకోవడాన్ని మించింది లేదని టూల్ జవాబిచ్చింది. సూటిగా ఎలా మాట్లాడాలో మూడు నమూనాలు కూడా ఇచ్చింది. మొదటిది గోరువెచ్చగా ఉంది. ఆవిడ రెండోది ఎంచుకుంది. చివరనున్న ఫోన్ నంబరు తీసేసి, మిగతాది బట్టీ పట్టింది.

ఆయన బూట్ల లేసులు కట్టుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడి అప్పజెప్పింది. చూడకుండా గడిపేసిన ఏళ్ళూ, పోస్టులు రాసిన మిషనూ, ఆయన వెళ్ళిపోతాడన్న భయమూ, అన్నీ అందులో ఉండాల్సిన చోట ఉన్నాయి. గొంతు ఎక్కడ వణకాలో కూడా గుర్తు పెట్టి ఉంది. ఆ చోటికి రాగానే ఆవిడ గొంతు నిజంగానే వణికింది. (టూల్ దీనికి బాధ్యత వహించదు.)

ఆయన లేసులు వదిలేశాడు. నమ్ముతున్నానన్నాడు. పోస్టులు ఎవరు రాస్తేనేం, ఇంత మాట అన్న మనిషిని వదిలి ఎక్కడికి పోతానన్నాడు. బదిలీ వద్దని కంపెనీకి అక్కడే మెసేజ్ పెట్టాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని, తలెత్తి అడిగాడు.

"ఇప్పుడన్నది మాత్రం నీ సొంత మాటే కదా?"

"అవును," అంది ఆవిడ.

ఆ మొత్తం వ్యవహారంలో టూల్ సాయం లేకుండా ఆవిడ చెప్పగా ఆయన నమ్మిన మాట అదొక్కటే.