సెయింట్ నికొలస్ నేలమాళిగలో నాటకం

ఆ గురువారం ఉదయం థియా బ్రాంట్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నరకి కాలేజీ వ్యాను ఎక్కాలి, పదింటికి నాటకం చూడాలి, ఒంటిగంటకల్లా తిరిగొచ్చి వ్యాసం మొదలుపెట్టాలి. ఆనర్స్‌లో చేరిన మొదటి ఏడాది విద్యార్థులు ఈస్టర్ సెలవుల్లోపు ఒక సాంస్కృతిక ప్రదర్శన చూసి తీరాలి, ఊరి జనానికి ఆరు గంటలు సేవ చేసి తీరాలి. ఏది తగ్గినా ఆనర్స్ సీటు పోతుంది. థియా శీతాకాలమంతా లైబ్రరీలో కూర్చుని చదివింది కాబట్టి ఆమె ఖాతాలో మార్కులు నిండుగా ఉన్నాయి, ఆ రెండూ మాత్రం సున్నాలు.

అందుకే ఎనిమిది మంది బృందాన్ని తీసుకెళ్ళే బాధ్యత తానే నెత్తిన వేసుకుంది. ప్రొఫెసర్ లెన్నాక్స్ పంపిన సూచనల కాగితాన్ని వ్యానులో అందరికీ చదివి వినిపించింది. "ఈ నాటకానికి వేదిక ఉండదు. పాత ఉక్కు మిల్లుల కాలంలో ఆడవాళ్ళ వంటింటి జీవితం ఇది. నటులు మీ మధ్యే తిరుగుతారు. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో అడగవద్దు. పని చెబితే చేయండి."

"మనల్ని కూడా నటించనిస్తారా?" అన్నాడు ఓరిన్. హైస్కూల్లో అయిదు నాటకాలాడిన వాడతను. నాటకం చూడటానికి నల్లసూటు వేసుకొచ్చాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ నల్ల కోట్లు తగిలించుకున్నారు. అందరి మెడల్లోనూ కాలేజీ కార్డులు, చేతుల్లో నోటుపుస్తకాలు.

నది దాటాక డ్రైవరు బండి నెమ్మది చేశాడు. "సెయింట్ నికొలస్ చర్చి అన్నావు. ఏ నికొలస్ అమ్మాయ్? ఈ వీధిలో ఇద్దరున్నారు."

ఒకప్పుడు మిల్లులో పని చేసిన ప్రతి జాతివాళ్ళూ ఎవరి చర్చి వాళ్ళు కట్టుకున్నారు. ఆ రెండు నికొలస్ చర్చిల్లో ఒకటి మూతపడి నాటకశాల అయింది. ఆ సంగతి థియాకి తెలియదు.

"నేలమాళిగలో వంటగది ఉన్న చర్చి," అంది థియా ధీమాగా.

డ్రైవరు వెన్నలో వేగుతున్న ఉల్లిపాయల వాసన పట్టుకుని బండి ఆపాడు.

మెట్లు దిగేసరికి కింద పదిమంది ముసలమ్మలు పొడవాటి బల్లల చుట్టూ నిలబడి పిరోహీలు చేస్తున్నారు. కజ్జికాయ ఆకారంలో పిండి మడిచి, లోపల బంగాళదుంప, చీజు కలిపిన కూరు పెట్టి, అంచులు నొక్కుతున్నారు. ఈస్టరుకి ముందొచ్చే లెంటు ఉపవాసాల శుక్రవారాల్లో మాంసం ముట్టని ఊరంతటికీ అవి ఈ వంటగది నుంచే వెళ్ళాలి. మర్నాటికి రెండు వందల డజన్లకి ఆర్డర్లు ఉన్నాయి.

నల్ల కోట్లను చూడగానే బల్లల దగ్గర చేతులాగిపోయాయి. ఆ వారంలో ఏ రోజైనా ఆరోగ్యశాఖ తనిఖీకి వస్తుందని ఫాదర్ బేసిల్ చెప్పి ఉన్నాడు. వస్తే ఎదురు మాట్లాడొద్దనీ, ఏ పని చేసి చూస్తామన్నా చెయ్యనివ్వమనీ చెప్పాడు. కానీ ఎనిమిది మంది వస్తారని చెప్పలేదు.

నలభై ఒక్క ఏళ్ళుగా ఆ వంటగదిని ఏలుతున్న వెర్నా హుద్యాక్ పిండి చేతులు ఏప్రనుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "రండి సార్, రండమ్మా. మీ కోసమే చూస్తున్నాం."

"మొదలైపోయింది," అని గుసగుసలాడాడు ఓరిన్.

వెర్నా అందరికీ తలకి తొడుక్కునే వలటోపీలిచ్చింది. ప్రేక్షకులకి వేషాలు కూడా ఇస్తున్నందుకు థియా మురిసిపోయింది. విన్‌ఫ్రెడ్ అనే మితభాషి అప్పుడే ఒక పేజీ నింపేసింది. ఆమె కలం కదిలినప్పుడల్లా ముసలమ్మలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

అవతల వెర్నా ఆడపడుచు ఐరీన్ కంగారుగా, వంటగదికి సామాన్లు మోసే వాసిల్ తాతని మూలకి లాగింది. "కూరు తొట్లు రెండూ ఆ పాత ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. దానికి థర్మామీటరు లేదు. నీ ట్రక్కులో పెట్టుకుని పో. వీళ్ళు కదిలేదాకా మొహం చూపించకు."

వాసిల్ తాత చెప్పిన మాట అక్షరాలా పాటించే మనిషి. తొట్లు ట్రక్కుకెక్కించి, పక్క ఊళ్ళో చెల్లెలింటికి పోయాడు. ఆయనకి సెల్‌ఫోను లేదు.

"కూరేది?" అంది వెర్నా, రెండు నిమిషాల తరవాత.

"పంపించేశాను వదినా."

"నా కూరుని పంపించేశావా! ఎవర్నడిగి?"

"ఎవర్నడగాలి? అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఈ వంటగది నీ సొంత ఆస్తయిపోయింది కదూ! నా మాటకి విలువెక్కడుంది!"

విద్యార్థులు ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు.

ఇద్దరు ముసలమ్మలూ దిమ్మెరపోయి చూశారు. ప్రభుత్వ అధికారులు వదినా ఆడపడుచుల గొడవకి చప్పట్లు కొట్టడం వాళ్ళ జీవితంలో ఎన్నడూ ఎరగరు. వెటకారం కాబోలనుకుని వెర్నా మొహం పాలిపోయింది. గబగబా అందరికీ పళ్ళేల్లో వేడి పిరోహీలు, వేగిన ఉల్లిపాయలు వడ్డించింది. వాళ్ళు తినేసి మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఓరిన్ ఇక ఆగలేకపోయాడు. కథ బాగానే ఉంది గానీ ఇందులో దుష్టపాత్ర లేదని అతనికి తోచింది. పళ్ళెం పక్కన పెట్టి, కోటు సర్దుకుని, బల్ల ముందుకొచ్చి గొంతు పెంచాడు. "చాలు! నేను చూడవలసిందంతా చూశాను. ఈ వంటగదిని ఈ క్షణం నుంచి మూసేస్తున్నాను!"

ఐరీన్ చేతిలో గరిటె జారిపోయింది. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. వెర్నా మెల్లగా కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసింది.

చప్పట్లు మారుమోగాయి. థియా కూడా కొడుతూనే ఉంది. ఆమె వెర్నా పక్కనే నిలబడి ఉండటంతో ముసలామె మాట ఆమె ఒక్కదానికే వినబడింది.

"అమ్మా, మీరైనా చెప్పండి ఆయనకి. బాయిలరు చెడి రెండు చలికాలాలైంది. పూజకి వచ్చినవాళ్ళు వణికిపోతున్నారు. రేపటి అమ్మకం మీదే మా ఆశంతా. తప్పేదైనా ఉంటే నాది. వీళ్ళ కష్టం పాడుచెయ్యకండి."

థియా చేతులు మధ్యలోనే ఆగాయి. ప్రేక్షకులకి వినబడని గొంతుతో ఏ నటీ మాట్లాడదు. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"ఆపండి!" అని అరిచింది. "ఓరిన్, నోరు మూసెయ్. మేడమ్, మేం... మీరు నటులు కాదా?"

"నటులా?"

"మేం కాలేజీ పిల్లలం. నాటకం చూడ్డానికొచ్చాం. పొరపాటున వేరే చర్చికొచ్చాం. తప్పు నాదే. మీ వంటగది మూయించడానికి వీడెవడూ కాదు. వీడికి బట్టలుతుక్కోవడం కూడా రాదు."

వెర్నా కళ్ళజోడు పెట్టుకుని ఓరిన్‌ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఒరేయ్, నీ వయసెంత?"

"పద్దెనిమిది అండీ."

"ఇందాకట్నుంచి నిన్ను సార్ సార్ అన్నానుట్రా! ఆ కోటు విప్పు. ఆ మూల నూటయాభై పౌన్ల బంగాళదుంపలున్నాయి. మా కూరు ఊళ్ళు తిరుగుతోంది మీ పుణ్యాన. నాటకాలాడే చేతులతో తొక్కలు తీద్దువు గాని."

కోట్లు వంకీలకెక్కాయి. థియాకి అంచులు నొక్కే పని దొరికింది. అన్ని పరీక్షల్లోనూ మొదటి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి చేసిన మొదటి పన్నెండు పిరోహీలనీ వెర్నా విప్పేసి మళ్ళీ ఆమె ముందే పెట్టింది. పదమూడోది విప్పలేదు. థియాకి ఏ మార్కుల కాగితం చూసినా అంత సంతోషం కలగలేదు.

మధ్యాహ్నం మూడింటికి కొత్త కూరు తయారైంది. మూడుంపావుకి, తనిఖీవాళ్ళు ఈపాటికి కదిలి ఉంటారనుకుని వాసిల్ తాత పాత కూరుతో తిరిగొచ్చాడు. చెల్లెలింట్లో ఫ్రిజ్‌కి థర్మామీటరుందని ఘనంగా చెప్పాడు. ఇప్పుడు కూరు రెట్టింపైంది, కాబట్టి పిండి కూడా రెట్టింపు కలిపారు. విద్యార్థులు వ్యాను ఎక్కేసరికి సాయంత్రం ఆరు దాటింది. వాళ్ళ ఆరు గంటల సేవకి రుజువు పత్రాలన్నిటి మీదా వెర్నా పిండి వేళ్ళతో సంతకాలు చేసింది. ఓరిన్ పత్రం మీద మాత్రం "వీడికి తొక్కలు మందంగా వస్తాయి" అని కూడా రాసింది. మర్నాడు ఆ పిరోహీలన్నీ మధ్యాహ్నానికే చెల్లిపోయాయి.

సోమవారం థియా ప్రొఫెసర్ లెన్నాక్స్ ముందు జరిగిందంతా ఒప్పుకుంది.

"వ్యాసాల్లో ఏడుగురు నిజం రాశారు," అన్నారు ఆవిడ. "మీ సేవ గంటలు లెక్కలోకి వస్తాయి. నాటకం చూడలేదు కాబట్టి అది రాదు. వచ్చే గురువారం మళ్ళీ వెళ్ళండి, ఈసారి చర్చి సరిగ్గా చూసుకుని."

"ఏడుగురా? ఎనిమిది మందిమి కదండీ?"

ప్రొఫెసర్ విన్‌ఫ్రెడ్ వ్యాసం ఆమె ముందుకి జరిపారు. నాలుగు పేజీలు. తాను చూసిన నాటకాల్లో ఇంత గొప్పది లేదని, ముఖ్యంగా ఒక విద్యార్థిని లేచి 'ఇది నాటకం కాదు' అని ప్రకటించే ఘట్టం అపూర్వమని విన్‌ఫ్రెడ్ రాసింది. తొక్కలు తీసి, అంచులు నొక్కిన గంటలన్నిటినీ రెండో అంకంగా వర్ణించింది. ఆ వ్యాసాన్ని విద్యార్థి ఎవరో తెలియకుండా చదివిన ముగ్గురు అధ్యాపకులు ఆ ఏటి ఉత్తమ సమీక్షగా ఎంపిక చేసేశారు. బహుమతి వెనక్కి తీసుకోవడానికి నిబంధనల్లో వీలు లేదు.

థియా ఆ రాత్రి భోజనం కాకముందే వెర్నాకి ఫోన్ చేసి చదివి వినిపించింది. వెర్నా పాత్రధారిణి కన్నీళ్ళు ఎంతో సహజంగా ఉన్నాయన్న వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదివించుకుంది.

"మరి మా ఐరీన్ గురించేం రాసింది తల్లీ?"

"ఆడపడుచు పాత్రధారిణి కాస్త అతిగా నటించిందని రాసిందండీ."

ఐరీన్ ఆ తరవాత రెండు వారాలు ఉల్లిపాయలు తరగడానికి రాలేదు.