రెండో ఆల్బమ్‌కు చాలినంత దుఃఖం

మా బృందం రెండో ఆల్బమ్‌కు దుఃఖం చాలడం లేదని రికార్డు కంపెనీవారు ఎంతో విచారంతో తెలియజేశారు.

ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో మాది నలుగురి పాటల బృందం. పేరు 'తడిగొడుగులు'. నేను బేస్ గిటార్ వాయిస్తాను. అది ఎవరికీ వినిపించదు కనుక నామీద ఎవరికీ ఫిర్యాదుల్లేవు. పాటలు రాసి పాడేవాడు క్లైవ్. మొదటి ఆల్బమ్ నాటికి అతనికి ఉద్యోగమూ లేదు, ప్రియురాలూ లేదు, గదిలో హీటరూ లేదు. ఆ లేమినే పాటలు కట్టి పాడితే విమర్శకులు కళ్లొత్తుకున్నారు.

ఆ తర్వాత దురదృష్టం అతణ్ని విడిచిపెట్టింది. పశువుల ఆసుపత్రిలో నర్సు ఐలీన్ పరిచయమైంది. పెళ్లి నిశ్చయమైంది. క్లైవ్ ఒళ్లు చేశాడు. స్టూడియోకి తెచ్చిన కొత్త పాటల్లో ఒకటి ఇద్దరూ కలిసి కొన్న సోఫా గురించి.

కంపెనీ తరఫున పెండిల్‌బరీ గారు లండన్ నుంచి దిగారు. సోఫా పాట ఆసాంతం విని, చావింట్లో తీసినట్టు టోపీ తీశారు.

"పాట బాగుంది నాయనా. నా భయమూ అదే. జనం మన దగ్గరికొచ్చేది ఏడవడానికి. నువ్వొక్కడివి కాపురం చేసుకుంటానని దేశం నోట్లో మట్టి కొడతావా?"

ఈ మాటలోని న్యాయం అందరికీ తోచింది. ఐలీన్ క్లైవ్‌ను విడిచి వెళ్లాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఐలీన్ మాత్రం సమావేశంలో లేదు.

సాయంత్రం అందరం క్లైవ్, ఐలీన్ కలిసి ఉంటున్న ఇంటికి వెళ్లాం. ఆమె టీ పెట్టి, బిస్కట్లు ముందుంచింది. పెండిల్‌బరీ గారు లేచి నిలబడి, కళ కోసం స్త్రీజాతి చేసిన త్యాగాలను కొనియాడారు. ఆమె అంతా విని క్లైవ్ వైపు తిరిగింది.

"వీళ్ల సంగతి సరే. నువ్వేమంటావ్?"

క్లైవ్ బిస్కట్‌ను టీలో ముంచి, అది విరిగి పడేదాకా దానివంకే చూశాడు.

"ఆల్బమ్ అయ్యేదాకేగా ఐలీన్..."

"అయ్యేదాకా ఎందుకులే. ఇప్పుడే లేచి పో."

పని ఇంత సులువుగా జరిగినందుకు పెండిల్‌బరీ గారు దారిపొడుగునా మమ్మల్ని అభినందించారు.

క్లైవ్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. స్టూడియోలో ఎవరూ ఓదార్చలేదు. మైకు కాస్త దగ్గరికి జరిపారు. వెక్కిళ్లు తాళానికి కుదిరాయి. ఆల్బమ్ వెలువడగానే పత్రికలన్నీ దాని నిజాయితీని మెచ్చుకున్నాయి. కాలేజీ అమ్మాయిలు అందులోని నిర్దయురాలిని శపించారు. ఆమె ఎవరో కనిపెట్టి, ఆసుపత్రికి పిల్లిని తెచ్చిన ఒకావిడ, ఐలీన్ చేత సూది వేయించనని భీష్మించింది.

క్లైవ్ పూలు కొనుక్కుని ఆమె ఇంటికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. ఆమె తలుపు సగమే తీసింది.

"ఆల్బమ్ విన్నాను. నేను లేక చచ్చిపోతున్నావట కదా! ఊరందరికీ చెప్పావు, నాకు తప్ప."

"నిజమే ఐలీన్. ఒట్టు."

"మరి పాటల్లో నేనే వదిలేసి పోయానే? ఆ రోజు నువ్వన్న మాట ఒక్కదాంట్లోనూ లేదేం?"

క్లైవ్ పూలు ముందుకు చాచాడు. తలుపు మూసుకుంది. పూలు గుమ్మంలోనే ఉండిపోయాయి.

మర్నాడు లీడ్స్‌లో కచేరీ. హాలు కిటకిటలాడింది. పాడుతూ పాడుతూ క్లైవ్ ఆగిపోయాడు. "ఇదంతా అబద్ధమండీ. ఆమె నన్ను వదిలెయ్యలేదు. తప్పు నాది. ఆమె క్షమిస్తే పెళ్లి చేసుకుంటాను," అన్నాడు.

అభిమానులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో కన్నీళ్లు తుడుచుకుంటున్న ఒక మంచి మనిషి లేచి, ఆప్యాయంగా అరిచాడు:

"దిగులుపడకు తమ్ముడూ! ఆవిడ క్షమించదులే!"

చప్పట్లు ఎంతకీ ఆగలేదు.